"పైనున్నోడు దిగిండా?" అని అడిగిన అన్నకు

ఈ పోస్టు మూడు వారాలుగా రాద్దామనుకుంటూ ఆగుతున్నాను. పేరు రాయాలా వద్దా అన్న దగ్గరే ఆగింది. చివరికి ఆ అన్ననే అడిగితే, "రాయకు, నీతోటి వచ్చిన జేఎల్ఎంకు మెమో వస్తది" అన్నాడు. జేఎల్ఎం అంటే జూనియర్ లైన్‌మన్. అందుకని పేర్లు లేవు, ఊరు లేదు. నర్సంపేట వైపు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ అనుకోండి. అక్కడ ఏడేళ్ళ నుంచి లైన్ పనికి పోయే కాంట్రాక్టు మనిషిని నేను. ఆయన అక్కడి ఆపరేటర్.

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పల మీది టార్పాలిన్లు ఎగిరిపోయాయి, తోటల్లో మామిడికాయలు రాలాయి, సబ్‌స్టేషన్ నుంచి మా ఊళ్ళకు వచ్చే లైన్, మా ఫీడర్, ట్రిప్ అయింది. పోయి చూస్తే వేప కొమ్మ ఒకటి 11 కేవీ తీగల మీద పడి ఉంది, పిన్ ఇన్సులేటర్ పగిలింది. ఆ ఒక్క ఊరికి కరెంటు ఆపుకోవడానికి ఏబీ స్విచ్ ఉంది. ఉందంటే ఉంది. హ్యాండిల్ తుప్పు పట్టి ఏడాదిగా కదలదు. చెప్పీ చెప్పీ మేమే చెప్పడం మానేశాం. చేసేది లేక జేఎల్ఎం అన్న తన పేరు మీద ఫీడర్ మొత్తానికి ఎల్‌సీ తీసుకున్నాడు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్, తీసుకున్న మనిషి తిరిగి ఇచ్చేదాకా ఆ లైన్‌కు కరెంటు వదలరు. ఒక్క కొమ్మ కోసం అన్ని ఊళ్ళూ చీకట్లో.

నేను స్తంభం ఎక్కాను. అంతలో చెరువు కట్ట దగ్గర తీగ తెగిందని ఫోన్ వస్తే ఆయన అటు పోయాడు. నా ఫోన్ బండి కవర్లో ఉండిపోయింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఎర్త్ రాడ్లు వేయలేదు. ఉన్న ఒక్క సెట్‌లో క్లిప్ విరిగిందని సెక్షన్ ఆఫీసులోనే పడేసి వచ్చాం. మూడు తీగలకూ రాడ్లు తగిలించి భూమికి కలిపి ఉంచితే, పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది భూమిలోకి పోయి సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడి లైన్ ఆగిపోతుంది. ఇంటిని లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా ఎవరైనా జనరేటర్ నడిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వచ్చి 11 వేల వోల్టులై లైన్‌లోకి ఎక్కుతుంది. దానికీ ఈ రాడ్లే అడ్డు. ఇదంతా నాకు తెలుసు. అయినా ఎక్కాను.

కట్ట దగ్గర పని ముగించిన జేఎల్ఎం అన్న సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు. "అయిపోయింది, ఎల్‌సీ రిటర్న్. చార్జ్ చెయ్యి, కరెంటు వదులు." తీసుకున్న మనిషే తిరిగి ఇస్తున్నాడు. రిజిస్టర్‌లో రాసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆపరేటర్ అన్న అడిగాడట, "పైనున్నోడు దిగిండా?"

"దిగే ఉంటడు."

"ఉంటడా, దిగిండా? నువ్వు చూసినవా?"

జేఎల్ఎం అన్న దగ్గర జవాబు లేదు. ఎల్‌సీ ఇచ్చేటప్పుడే ఆయన రిజిస్టర్ అంచున ఎర్ర పెన్నుతో "ఇద్దరు" అని రాసుకున్నాడు. తర్వాత నాకు చూపించాడు, పెద్ద అక్షరాలు కూడా కాదు. ఇద్దరిలో ఒకరి లెక్కే తేలింది, అందుకని కరెంటు వదల్లేదు.

ఆ తర్వాత ఆయనకు వచ్చిన ఫోన్లు ఆయనకే తెలుసు. ఫంక్షన్ హాల్లో పెళ్ళి, డీజే ఆగిపోయింది. ఒకాయన సస్పెండ్ చేయిస్తానన్నాడట. "చేయించున్రి, అప్పటిదాంక ఇయ్య" అని పెట్టేశాడు. నా ఫోన్ మోగి మోగి ఆగింది. అప్పుడు మంచినీళ్ళ ట్యాంకు నింపే పంచాయతీ కాకా గుర్తొచ్చాడట. మోటరు వేయడానికి రోజూ కరెంటు సంగతి అడిగే మనిషి కదా, నంబరు ఉంది.

నేను పైన బెల్టుకు వేలాడుతూ కొత్త ఇన్సులేటర్ బిగిస్తున్నాను. రెండు చేతులూ లైన్ దగ్గరే. కింద టీవీఎస్ ఎక్సెల్ చప్పుడు. సెల్ లైటు నా కాళ్ళ మీద పడి, పైకి పాకి, మొహం మీద ఆగింది.

"ఓ తమ్మీ, పైనే ఉన్నవా?"

"పైనే ఉన్న కాకా, ఏమైంది?"

కాకా నాకు జవాబు చెప్పలేదు. ఫోన్‌లో, "ఉన్నడు సార్, పైనే ఉన్నడు" అన్నాడు. ఆ గొంతు వణికింది. అప్పటికి నాకు సంగతే తెలియదు.

ఆపరేటర్ అన్న కాకాతో నన్ను దింపించి ఫోన్ ఇప్పించాడు. "ఎంత సేపు పడుతది?" అన్నాడు. పావుగంట అన్నాను. "ఎక్కు. దిగినంక నువ్వే చెయ్యి, ఇంకొకల గొంతు నాకొద్దు." తిట్టలేదు. పని ముగించి, నేనే ఫోన్ చేసి చెప్పాకే ఊళ్ళు వెలిగాయి.

జేఎల్ఎం అన్న చెడ్డవాడు కాదు. ఆ రాత్రి వచ్చి బండి మీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. రెండు చోట్ల ఫాల్టు, ఇద్దరే మనుషులు. ఏటా జూన్ 26న, విద్యుత్ భద్రతా దినం నాడు, మాతో ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫొటో దిగుతాం. దిగిండా అని అడగాలని మాత్రం అందులో విన్న గుర్తు లేదు.

మా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సారుకు కూడా థాంక్స్. ఇప్పుడు మా సెక్షన్‌లో ఎల్‌సీ తీసుకుంటే పైకి ఎక్కే ప్రతి ఒక్కరి పేరూ రాస్తున్నారు, కాంట్రాక్టు వాళ్ళది కూడా. ఎవరికి వారే ఫోన్ చేసి దిగామని చెప్పాలి. కాంట్రాక్టరు కొత్త బెల్టులు, హెల్మెట్లు తెచ్చాడు. పాత హెల్మెట్‌లో మామిడికాయలు మోసిన సంగతి ఆయనకు చెప్పకండి. కాకాకు మా ఇంటావిడ పంపిన సకినాలు ముట్టాయట.

ఆపరేటర్ అన్నకు చాయ్ తాగిద్దామని సబ్‌స్టేషన్‌కు పోయాను. లాగ్‌షీట్‌లో రీడింగ్ రాస్తూ తల ఎత్తకుండానే, "ఎర్త్ రాడ్ క్లిప్ ఏయించినవా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "అయితే ఏయించుకొని రా. అప్పుడు తాగుదాం."

శనివారం వేయించాను. ఆదివారం తాగాం. పైసలు ఆయనే ఇచ్చాడు.