చెవి మిషన్ రాసే డాక్టర్లు మూత్ర పరీక్ష కూడా రాయాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

ఏటా మార్చి రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం వస్తుంది. ఆ వారమంతా పత్రికల్లో కిడ్నీల మీద వ్యాసాలు వస్తాయి. షుగరు, బీపీ అదుపులో పెట్టుకోండి, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగకండి అని రాస్తారు. అవన్నీ చెప్పాల్సినవే. కానీ షుగరు లేకుండా, ఏ మందూ వాడకుండా పాతికేళ్లలోపే కిడ్నీలు పాడైపోయే పిల్లలున్నారు. వాళ్ల గురించి ఒక్క ముక్క కనిపించదు. అలాంటి జబ్బుల్లో ఒకటి ఆల్‌పోర్ట్ సిండ్రోమ్. మా పుట్టింట్లో ఉన్నది అదే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే పలచని పొర ఒకటుంటుంది. నాలుగో రకం కొలాజెన్ అనే ప్రొటీన్ వల్ల దానికి బలం వస్తుంది. ఆ కొలాజెన్‌ను తయారు చేసే జన్యువుల్లో లోపం ఉంటే పొర సరిగా కట్టుబడదు. ఏళ్లు గడిచేకొద్దీ ఒకచోట పలచబడి, ఇంకోచోట మందమై, పొరలు పొరలుగా చీలిపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అది బుట్ట అల్లికలా కనిపిస్తుందని డాక్టర్లు చెబుతారు. మామూలు మైక్రోస్కోప్‌తో చూస్తే, ముఖ్యంగా చిన్న వయసులో తీసిన బయాప్సీలో (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలో), చాలాసార్లు ఏమీ తేలదు. ఇదే కొలాజెన్ లోపలి చెవిలోనూ ఉంటుంది, కంటిలోని కటకాన్ని చుట్టి ఉండే పొరలోనూ ఉంటుంది. కిడ్నీ జబ్బు చెవిలో, కంట్లో బయటపడేది అందుకే.

మొట్టమొదటి గుర్తు మూత్రంలో రక్తం. మగపిల్లల్లో అది పసితనం నుంచే ఉంటుంది కానీ కంటికి కనిపించదు, పరీక్షలోనే తెలుస్తుంది. జలుబో గొంతునొప్పో వచ్చినప్పుడు మాత్రం మూత్రం ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో వస్తుంది. కొద్ది రోజుల్లో దానంతటదే మామూలైపోతుంది. ఇంట్లో వాళ్లు వేడి చేసిందిలే అనుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తే చాలాసార్లు ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాస్తారు. రంగు మామూలయ్యేసరికి మందు పనిచేసిందని అందరూ ఊరుకుంటారు. మంట లేదు, కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు, మరి రక్తం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న అక్కడే, ఆ రోజే వేయాలి. తర్వాత్తర్వాత మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది, బీపీ వస్తుంది, చివరికి కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. ఎక్కువ కుటుంబాల్లో ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అలాంటి కుటుంబాల్లో మగవాళ్లలో సగం మందికి 25 ఏళ్లకల్లా, నూటికి 90 మందికి 40 ఏళ్లకల్లా కిడ్నీలు పూర్తిగా పాడవుతాయి.

ఇక చెవి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఈ పిల్లలు పుట్టుకతో బాగానే వింటారు. పుట్టగానే చేసే వినికిడి పరీక్షలో ఏ లోపమూ తేలదు. బడికి వెళ్లే వయసులో, దాదాపు పదేళ్ల ప్రాంతంలో, సన్నని స్వరాలు వినిపించడం మెల్లగా తగ్గుతూ వస్తుంది. మా అక్క కొడుకు పిలిస్తే పలికేవాడు, టీవీ చూసేవాడు, పాటలు వినేవాడు. కానీ డిక్టేషన్‌లో తప్పులు రాసేవాడు. లెక్కల టీచరు ‘సున్నా’ అంటే వాడికి ‘ఉన్నా’ అని వినిపించేది. స, శ లాంటి అక్షరాల్లో ఉండేది ఆ సన్నని శబ్దమే కదా. పిల్లాడికి శ్రద్ధ లేదని బడిలో అన్నారు, పరధ్యానం ఎక్కువని ఇంట్లో అన్నారు. చివరికి చెవి పరీక్ష చేయిస్తే చెవి మిషన్ పెట్టాలన్నారు. ఆ గదిలోనే ఓ యువ డాక్టరు ‘ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?’ అని అడిగి, మూత్ర పరీక్ష రాశారు. రక్తమూ ఉంది, ప్రొటీనూ ఉంది. ఆ ఒక్క ప్రశ్నకు మా కుటుంబం ఆయనకు రుణపడి ఉంది.

ఎందుకంటే ఆ పిల్లాడి మేనమామ, అంటే మా అన్నయ్య, ఇరవైల్లోనే డయాలసిస్ మీదికి వెళ్లాడు. బీపీ వల్ల కిడ్నీలు పాడయ్యాయని కాగితాల మీద రాశారు. నిజానికి కిడ్నీ జబ్బు వల్లే బీపీ వచ్చింది. అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువ, ఎప్పుడో వచ్చిన జ్వరం వల్ల అనుకున్నారు. ఇరవై దాటాక కళ్లద్దాల నంబరు మాటిమాటికీ మారేది. కంటి కటకం ముందువైపుకు శంకువులా పొడుచుకు రావడం ఈ జబ్బులో కనిపిస్తుంది, వేరే జబ్బుల్లో దాదాపు కనిపించదు. చెవిని ఒకరు చూశారు, కన్ను ఒకరు చూశారు, కిడ్నీని ఇంకొకరు చూశారు. మూడింటినీ ఒక్కచోట పెట్టి చూసినవాళ్లు లేరు. అన్నయ్య ఇప్పుడు లేడు.

సెసిల్ ఆల్‌పోర్ట్ అనే డాక్టరు 1927లోనే ఒక కుటుంబంలోని కొన్ని తరాలను చూసి, మూత్రంలో రక్తం, చెవుడు కలిసి వస్తున్నాయనీ, మగవాళ్లకు జబ్బు తీవ్రంగా ఉంటోందనీ రాశారు. దీనికి కారణమైన ముఖ్య జన్యువును 1990లో గుర్తించారు. ఇప్పుడు రక్త నమూనాతో జన్యు పరీక్ష చేయవచ్చు, చాలామందికి బయాప్సీ అవసరమే రాదు. ఇంత తెలిసి కూడా ఇంకా పిల్లల్లో ఈ జబ్బు ఆలస్యంగా బయటపడుతోందంటే అడగాల్సిన ప్రశ్న అడగకపోవడమే కారణమని నా నమ్మకం.

ఆడవాళ్ల విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతోంది. వాళ్లకు జబ్బు రాదు, పిల్లలకు అందిస్తారంతే అని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఈ జన్యు లోపమున్న ఆడవాళ్లలో దాదాపు అందరికీ మూత్రంలో రక్తం ఉంటుంది. నూటికి 12 మందికి 40 ఏళ్లలోపే, దాదాపు 30 మందికి 60 ఏళ్లకల్లా కిడ్నీలు విఫలమవుతాయి. పిల్లాడి జబ్బు తేలాక అక్కా, నేనూ పరీక్ష చేయించుకున్నాం, ఇద్దరికీ రక్తం కనిపించింది. అంతవరకు మమ్మల్ని చేయించుకోమన్నవాళ్లు లేరు. ఇంకో సంగతి. కిడ్నీ ఇవ్వాల్సి వస్తే అందరికంటే ముందు తల్లి ‘నాది తీసుకోండి’ అంటుంది. ఈ కుటుంబాల్లో తల్లికీ అదే లోపం ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆమెను పూర్తిగా పరీక్షించకుండా ఆ మాటకు సరే అనకూడదు.

తండ్రికి ఎక్స్ క్రోమోజోమ్ మీద లోపముంటే కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. తల్లికి ఉంటే కొడుకైనా కూతురైనా చెరి సగం అవకాశం. కొన్ని కుటుంబాల్లో ఇద్దరి నుంచీ లోపం వస్తేనే తీవ్రమైన జబ్బు వస్తుంది, అక్కడ ఆడపిల్లలకూ అంతే తీవ్రంగా ఉంటుంది. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా రావడమూ ఉంది. అందుకని మా ఇంట్లో ఎవరికీ లేదు అన్న మాటతో పరీక్ష ఆపేయకూడదు.

దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ రామిప్రిల్ లాంటి మామూలు బీపీ మాత్రలు, బీపీ లేకపోయినా, కిడ్నీలు పాడవడాన్ని చాలా ఏళ్లు వెనక్కి నెడతాయి. యూరప్‌లోని రోగుల రికార్డుల ఆధారంగా 2012లో వచ్చిన అధ్యయనంలో, మందు వాడనివాళ్లు సగటున 22 ఏళ్లకు డయాలసిస్‌కు చేరారు. ప్రొటీన్ పోతున్న దశలోనే మందు మొదలుపెట్టినవాళ్లు 40 దాకా నెట్టుకొచ్చారు. కిడ్నీ పనితీరు తగ్గాక మొదలుపెట్టినవాళ్లకు కలిసొచ్చింది మూడేళ్లే. ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు అన్నయ్యే గుర్తొస్తాడు. గర్భిణులు ఈ మాత్రలు వాడకూడదు కాబట్టి, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. కిడ్నీ మార్పిడి ఫలితాలు కూడా ఈ జబ్బులో బాగానే ఉంటాయి.

జపాన్‌లో 1974 నుంచి బడి పిల్లలందరికీ ఏటా మూత్ర పరీక్ష చేస్తున్నారు. అందరికీ చేయడం అవసరమా కాదా అన్న దాని మీద వేరే దేశాల డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. నేను అంత పెద్దది అడగడం లేదు. పెరిగే వయసులో వినికిడి తగ్గి చెవి మిషన్ రాయించుకునే ప్రతి పిల్లాడికీ, పిల్లకీ అదే రోజు మూత్ర పరీక్ష రాయాలి. స్ట్రిప్ ముంచితే నిమిషాల్లో రంగు మారి రక్తమో ప్రొటీనో ఉంటే చెప్పేస్తుంది. అలాగే, కారణం తేలకుండా చిన్న వయసులో డయాలసిస్‌కు వచ్చిన ప్రతి ఒక్కరి విషయంలో తోబుట్టువులనూ, తల్లినీ, అక్కచెల్లెళ్ల పిల్లలనూ పిలిచి పరీక్షించాలి. చెవి ఎలా ఉంది, కళ్లద్దాలు ఎన్నిసార్లు మారాయి, మేనమామలకు ఏమైంది అని అడిగి కేస్ షీట్‌లో రాయాలి. వీటికి కొత్త యంత్రాలు అక్కర్లేదు.

వచ్చే మార్చిలో మీ ఆరోగ్య పేజీలో వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ జబ్బులకు కొంత చోటివ్వండి. ఒక కిడ్నీ డాక్టరుతో పాటు ఒక చెవి డాక్టరు చేత కూడా రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు