మా షెడ్డులో పెద్దవాళ్ళ లెక్కలు

ఒరే బావా,

మీ మిల్లులో సగం మంది యాభై అయిదు దాటారని, రిటైర్మెంట్ మాట ఎత్తాలంటే టెన్షన్‌గా ఉందని ఫోన్లో అన్నావు కదా. అంతలో లోడు వచ్చి పెట్టేశాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

మా బెజవాడ ఆటోనగర్‌లోనూ అదే పరిస్థితి. లారీ బాడీ కట్టడం నిజంగా వచ్చిన వాళ్ళంతా తలలు నెరిసిన వాళ్ళే. ఐటీఐ కుర్రాళ్ళు పని పట్టుబడేలోపే హైదరాబాద్ బండెక్కేస్తారు. "మీకు 58 నిండాయి, ఇక దయచేయండి" అనే మాట నా నోట రాదు. అనాల్సిన అవసరమూ లేదు. 58కి పీఎఫ్ పెన్షన్ వస్తుంది గానీ, ఆ రోజే పని మానాలని పీఎఫ్ చట్టంలో లేదు. మన రాష్ట్రంలో గవర్నమెంటు వాళ్ళకి 2022 నుంచి 62 కదా అని మావాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

నేను గట్టిగా నమ్మేది ఒకటేరా. ఈ మాట ఆఖరి నెలలో కాదు, 53, 54 ఏళ్ళప్పుడే ఎత్తాలి. అదీ కాగితం, పెన్ను ముందు పెట్టుకుని, ఇంటావిడని కూడా కూర్చోబెట్టి.

మొన్న మా లేత్ మేస్త్రీ గారిని, వాళ్ళావిడని ఆఫీసు గదిలోకి పిలిచాను. 24 ఏళ్ళ సర్వీసు, బేసిక్, డీఏ కలిపి 18 వేలు. గ్రాట్యుటీకి, అంటే పని మానేటప్పుడు యజమాని ఒకేసారి ఇచ్చే సొమ్ముకి, 18 వేలని నెలలో 26 పనిదినాలతో భాగించి, 15 రోజులతో, 24 ఏళ్ళతో హెచ్చవేస్తే 2 లక్షల 49 వేల చిల్లర. ఆయన మొహం విచ్చుకుంది. తర్వాత పెన్షన్ లెక్క. 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి లెక్కలోకి తీసుకునే జీతం పరిమితి 6,500, ఆ తర్వాత 15 వేలు. 20 ఏళ్ళు దాటినందుకు సర్వీసుకి రెండేళ్ళు కలిపి, ఆ జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగించినా నెలకి నాలుగు వేలకి అటూ ఇటూ.

"అంతేనా బాబూ?" అన్నారు. తన జీతంలో కోసే 12 శాతం పెన్షన్‌కే పోతుందనుకున్నారట. పెన్షన్‌కి వెళ్ళేది యజమాని వాటాలో 8.33 శాతం, అదీ 15 వేల మీదే, అంటే నెలకి 1,250. వాళ్ళావిడ మాత్రం సూటిగా అడిగింది, "ఆయన తర్వాత నాకెంత వస్తుంది?" అందులో సగం అని చెప్పాను. నామినీ చూద్దామని తీస్తే, ఎప్పుడో పోయిన వాళ్ళ అత్తగారి పేరే ఉంది! అక్కడికక్కడే మార్పించాం.

మేస్త్రీ గారు ఇంకా పని చేస్తానన్నారు. 58కి తీసుకోకుండా 60 దాకా ఆగితే పెన్షన్ ఏడాదికి 4 శాతం చొప్పున పెరుగుతుంది. బరువులెత్తే పని మాన్పించి కొలతలు, చెకింగ్, ఇద్దరు కుర్రాళ్ళకి నేర్పడం అప్పగించాను. నువ్వు కూడా తేలిక పని ఇచ్చావని బేసిక్ తగ్గించకు బావా. గ్రాట్యుటీ చివరి జీతం మీద కడతారు కాబట్టి, ఇప్పుడు కోస్తే అన్నేళ్ళ సర్వీసుకీ దెబ్బే. పెన్షన్ కూడా ఆఖరి 60 నెలల సగటు మీదే.

ముందు యాభై దాటిన వాళ్ళ నామినీలు, ఆధార్‌లోనూ పీఎఫ్‌లోనూ పుట్టిన తేదీలు సరిచూడమని మీ అకౌంటెంట్‌కి చెప్పు. తేడా ఉంటే జాయింట్ డిక్లరేషన్, అంటే పీఎఫ్ వివరాలు సరిచేయమని పనివాడూ యజమానీ కలిసి ఇచ్చే కాగితం, ఇప్పుడే పెట్టించు, క్లెయిమ్ వెనక్కొచ్చాక పరిగెత్తడం కష్టం. ఆదివారం బెజవాడ వస్తే ఆ కాగితాలు తీసుకురా, కూర్చుని చూద్దాం. చెల్లిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ బావ