కాలనీ కూరగాయల తోట: చలికాలపు నాట్లకు నేల సిద్ధం చేసిన పనులపై వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు,

సంఘం ఈ ఏడాది చేపట్టిన పనుల్లో అధిక శ్రమ, అంతకు మించిన చర్చ పార్కు వెనుక స్థలంలోని కూరగాయల తోట విషయంలోనే జరిగినందున ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని దానికే కేటాయిస్తున్నాము. వీధి దీపాల మరమ్మతులు, ప్రహరీ రంగులు, జమాఖర్చుల వివరాలు కోశాధికారి విడిగా సమర్పించే పత్రంలో ఉన్నాయి.

హైదరాబాదులో చలికాలపు కూరగాయలకు అదను చాలా తక్కువ. నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మధ్యలో వెనుదిరుగుతాయి; నవంబరులో రాత్రులు చల్లబడతాయి; ఫిబ్రవరి దాటితే ఎండ ముదురుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, క్యారెట్, బఠానీ వంటివన్నీ ఆ కొద్ది నెలల్లోనే పెరిగి చేతికి రావాలి. చలి మొదలయ్యాక పార పట్టుకుంటే ఉన్న అదను కాస్తా తవ్వకాలకే చెల్లిపోతుంది గనుక, నేల పనులను వానాకాలంలోనే ముగించి స్వాతి కార్తెకు (అక్టోబరు చివరి వారానికి) నాట్లు పడేటట్లు తోట ఉపసంఘం ప్రణాళిక వేసుకున్నది.

మన స్థలం ఎర్ర చల్కా నేల. నీరు త్వరగా ఇంకిపోతుంది, సేంద్రియ పదార్థం తక్కువ. దానికి తోడు ఇళ్లు కట్టినప్పుడు మిగిలిన కంకర, ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు అడుగున పూడుకుపోయి ఉన్నాయి. రాయి తగిలిన చోట క్యారెట్, ముల్లంగి దుంపలు చీలి వంకర తిరుగుతాయి; సిమెంటులోని సున్నం నేల క్షారగుణాన్ని పెంచి ఇనుము, జింకు మొక్కకు అందకుండా చేస్తుంది. ఈ మట్టిని వదిలి లారీలతో కొత్త ఎర్రమట్టి తోలిద్దామని కొందరు సభ్యులు సూచించారు. నగరంలో అమ్మే ఎర్రమట్టిలో చాలా భాగం పునాదుల లోతునుంచి తీసినదే కావడం వల్ల అందులో సారం ఉండదని భావించి, ఉపసంఘం ఆ సూచనను అంగీకరించలేదు. ఉన్న మట్టినే జల్లెడ పట్టించి, తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జనుము చల్లించి, పూత దశకు రాగానే నేలలో కలిపించింది. పచ్చిరొట్ట మురగడానికి రెండు మూడు వారాలు వ్యవధి ఇవ్వకుండా నాటితే లేత వేళ్లు దెబ్బతింటాయి కాబట్టి, తొందరపెట్టిన సభ్యులకు నచ్చజెప్పవలసి వచ్చింది. విద్యుత్ తీగల కింద నరికిన కానుగ కొమ్మల ఆకును కూడా ఇదే పనికి వాడుకున్నాము.

తరువాత 90 కిలోల మాగిన పశువుల ఎరువుకు 10 కిలోల వేపపిండి, తెగులు కలిగించే శిలీంధ్రాలను అణచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి 2 కిలోల చొప్పున కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచి మళ్లకు వేయించాము. నారుకుళ్లు, వేరుకుళ్లు తెగుళ్లను అరికట్టడంలో దీనికున్న ప్రయోజనంతో పోలిస్తే ఖర్చు స్వల్పమే.

గట్ల వెంబడి మొలిచిన గునుగును కలుపుగా భావించి ముందే పీకించవలసి ఉన్నా, సద్దుల బతుకమ్మ వరకు ఉంచాలని మహిళా సభ్యులు కోరారు. గునుగు పూసే నాటికే కంకి అడుగున గింజ ముదురుతుంది గనుక తోటపని దృష్టితో చూస్తే ఇది సరికాదు. అయినప్పటికీ సంఘం ఆ కోరికను సంతోషంగా మన్నించింది.

టమాటా, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారును 15 సెంటీమీటర్ల ఎత్తు మళ్లలో షేడ్‌నెట్ కింద పెంచి, 25 నుంచి 30 రోజుల వయసులో నాటించాము. క్యారెట్, ముల్లంగి, పాలకూర, మెంతికూర విత్తనాలను నేరుగా మళ్లలోనే వేశాము. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లించాము. కాలీఫ్లవర్ విత్తనం కొనేటప్పుడు అది ఏ అదనుకు తగిన రకమో సభ్యులు తప్పక అడిగి తెలుసుకోవాలి: ముందస్తు రకాన్ని ఆలస్యంగా నాటితే పువ్వు గుండీ అంతై ఆగిపోతుంది, గట్టి చలిని కోరే ఆలస్యపు రకానికి మన ఊరి చలి చాలదు. టమాటా మళ్ల అంచుల్లో బంతిని, క్యాబేజీ పక్కన ఆవాలను ఎర పంటలుగా, అంటే పురుగులను తమవైపు లాగి అసలు పంటను కాపాడేందుకు, వేశాము. కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు బంతిపూలపై, డైమండ్ రెక్కల పురుగు ఆవాలపై ముందుగా గుడ్లు పెడతాయి. పొలాల్లో 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయమంటారు. మన చిన్న మళ్లకు ఆ లెక్క కుదరలేదు.

నీటి విషయం ఇంకా పరిష్కారం కాలేదు. బోరు నీటిలో ఉప్పులు ఎక్కువగా ఉండడం వల్ల తడి ఆరిన చోట నేలపై తెల్లని పొర కడుతోంది. ఎండుటాకుల ఆచ్ఛాదన కొంతవరకే మేలు చేస్తుంది. కాబట్టి బోరు నీటిలో ఉప్పుల గాఢత తగ్గేందుకు క్లబ్‌హౌస్ పైకప్పు మీది వాననీటిని బోరు పక్కన తవ్వే ఇంకుడుగుంతకు మళ్లించాలని, ఆ పని వచ్చే తొలకరికి ముందే పూర్తిచేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తూ, ఇందుకు సర్వసభ్య సమావేశం ఆమోదాన్ని కోరుతున్నది.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, హైదరాబాదు