రెండు 'ఇన్'లూ పిల్లలకు చెప్పండి

సంపాదకులకు,

మొన్న మా అమ్మాయి స్ప్రే డబ్బా మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని చదివి, "దీనికి నిప్పు అంటుకోదట నాన్నా" అంది. డబ్బా స్టౌ పక్కనే ఉంది. నా గుండె ఆగినంత పనైంది.

తప్పు పిల్లది కాదు. ఇన్‌కరెక్ట్ అంటే సరికానిది, ఇన్‌కంప్లీట్ అంటే పూర్తికానిది అని బడిలో నేర్చుకుంది. అదే లెక్క ఇక్కడా వేసింది. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి రెండు 'ఇన్'లు వచ్చాయి: ఒకటి 'కాదు' అంటుంది, రెండోది 'లోకి' అంటుంది. డబ్బా మీద ఉన్నది రెండోది. అంటే ఇట్టే మంట అంటుకుంటుందని అర్థం. ఈ పొరపాటు ప్రాణాల మీదికి వస్తుందనే అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసేవారు 1920లలోనే 'ఫ్లేమబుల్' అని రాయమని కోరారు. పాత మాట మాత్రం పూర్తిగా పోలేదు.

ఇంగ్లిష్ మాటలను పిల్లలచేత జాబితాలుగా బట్టీ పట్టిస్తున్నారు. పరీక్ష అయిపోగానే అవి గాలికి పోతున్నాయి. నిజానికి మాటను విడగొట్టి అర్థం పట్టే కిటుకు మన పిల్లలకు కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం అంటూ 'హారం' ముందు చేరే ఆ, వి, సం లాంటి ఉపసర్గలను తెలుగు క్లాసులో చదువుతూనే ఉన్నారు. లాటిన్ 'పోర్ట్' కూడా ఆ 'హారం' లాంటిదే, మోయడం అని దాని అర్థం. లోపలికి మోస్తే ఇంపోర్ట్, బయటికి మోస్తే ఎక్స్‌పోర్ట్, ఒకచోటి నుంచి మరోచోటికి దాటిస్తే ట్రాన్స్‌పోర్ట్. సపోర్ట్‌లో మొదట ఉన్నది 'సబ్', అంటే కింద. కింద ఉండి మోయడమన్నమాట. పక్కన 'ప' ఉండేసరికి 'బ' కూడా 'ప' అయిపోయింది, జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు అయినట్టు. ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్‌లలో మారిందీ ఆ 'కాదు' అనే 'ఇన్' ఒక్కటే.

ఇదంతా చెప్తే మా అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే సప్రెస్ అంటే కిందికి నొక్కడమా?" అంది. ఆ మాట దానికి నేను నేర్పలేదు.

ప్రతి మాటనూ ఇలా విడగొట్టలేమని నాకూ తెలుసు. రియల్‌లో 'మళ్లీ' అనే 'రీ' లేదు, ప్రెటీలో 'ముందు' అనే 'ప్రీ' లేదు. అదీ టీచరే చెప్పాలి.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం ఒకటే. ఇంగ్లిష్ వాచకంలో ఉపసర్గలకు ఒక పాఠం కేటాయించండి, దాన్ని తెలుగు ఉపసర్గలతో కలిపి చెప్పించండి. అందులో ఇన్‌కరెక్ట్, ఇన్‌ఫ్లేమబుల్ ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి.

– ఒక తండ్రి