నాంపల్లి టైపింగ్ అన్నకు

ఈ సోమవారం మా ఆయన మళ్లీ డ్యూటీలో జాయిన్ అయ్యారు. పదకొండు నెలల తర్వాత. రాత్రి పన్నెండు దాటింది, కళ్లు మూతలు పడుతున్నాయి. కానీ మాకు సాయం చేసినవాళ్లకు ఈ థాంక్స్ ఇవాళ రాయకపోతే రేపు పనుల్లో పడి ఇక రాయనని నాకు తెలుసు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఆయన ఒక ప్రభుత్వ శాఖలో డ్రైవర్, ఇరవై రెండేళ్ల సర్వీసు. పోయినేడు దసరా సెలవుల్లో ఆడపడుచు ఊరి నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. ఆ రోజుల గురించి ఇక్కడ రాయను.

ఇంటికొచ్చిన నెలకు ఆఫీసు నుంచి ఫోన్. నేనే వెళ్లాను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పెద్దాయన కుర్చీ వేయించి, మంచినీళ్లు ఇప్పించి మరీ చెప్పాడు. "కాలు లేని డ్రైవర్‌కు ఏం పని ఇస్తామమ్మా, మీరే చెప్పండి. డ్యూటీలో జరిగుంటే అది వేరే సంగతి. వాలంటరీ రిటైర్‌మెంట్ లెటర్ ఇచ్చేయండి, రావాల్సిన డబ్బులు తొందరగా వచ్చేలా నేను చూస్తాను." లెటర్ ఎలా ఉండాలో కూడా ఒక కాగితం మీద రాసిచ్చాడు. సిగ్గు విడిచి చెప్తున్నా, ఆ రోజు ఆయనకు దండం పెట్టి వచ్చాను.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని నాంపల్లి కోర్టుల దగ్గర టైపు కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఎవరైతే ఏంటని మొదట కనబడినాయన ముందే కూర్చున్నా. పాత టైపు మిషను, పక్కన జిరాక్స్ డబ్బా. ఆయన కాగితం ఎక్కించి టకటకా మొదలుపెట్టాడు. "అయ్యా, నా అనారోగ్య కారణముల వలన నేను స్వచ్ఛందముగా" దాకా వచ్చి ఆగిపోయాడు. నేను తెచ్చిన కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏమైంది ఆయనకు?"

చెప్పాను.

"మరి స్వచ్ఛందం అని ఎవరు రాయమన్నరు?"

అదీ చెప్పాను. ఆయన రోలర్ తిప్పి కాగితం బయటికి లాగేశాడు. "ఇది నేను కొట్టను చెల్లె" అన్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. పక్కాయన దగ్గరికి పోదామని లేచాను కూడా. అప్పుడు చెప్పాడు: "ఒకాయనకు ఇట్లనే కొట్టిచ్చిన. ఏడాదికి మళ్ల నా దగ్గరికే వచ్చిండు, నౌకరి వాపస్ ఇయ్యమని పిటిషన్ కొట్టియ్యమంటూ. నీ అంతట నువ్వే పోతనని రాసిచ్చినవు కదా అన్నరంట వాళ్లు. మొదటిది కొట్టిన చేతులతోనే రెండోది గూడ కొట్టిన. ఇగ మొదటిది మాత్రం ఎవ్వరికీ కొట్టను."

సగం కొట్టిన ఆ కాగితాన్ని తిరగేసి, వెనక పెన్సిలుతో మూడు ముక్కలు రాశాడు. 2016 చట్టం. 20(4). పురానీ హవేలీ. ఆ కాగితం ఇప్పుడు నా ముందే ఉంది, మడతల దగ్గర చిరిగిపోతే టేపు అతికించాను.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ నాలుగో క్లాజు అది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ఉద్యోగిని ప్రభుత్వ సంస్థ ఏదీ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే పే స్కేలుతో వేరే పోస్టులో పెట్టాలి. అలాంటి పోస్టు లేకపోతే అదనంగా ఒకటి సృష్టించి, సరైనది దొరికేదాకా లేదా రిటైరయ్యేదాకా అందులో ఉంచాలి. "సర్వీసులో ఉండగా" అనే ఉంది, "డ్యూటీ మీద ఉండగా" అని లేదు. సెలవులో లారీ గుద్దినా అదే లెక్క.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలిసింది ఒక్కటే, సంతకం పెట్టకూడదని. పురానీ హవేలీ ఎక్కడో, అక్కడ ఎవరిని అడగాలో తెలియక నిలబడిపోతే, ఆయన మిషను మీద రెక్సిన్ కవర్ కప్పి, జిరాక్స్ అబ్బాయికి చెప్పి, స్కూటర్ తీశాడు. నేను ఆటోలో, ఆయన ముందు. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో లీగల్ సర్వీసెస్ ఆఫీసు. వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 నాటి చట్టంలోనే ఉందట. నేను అప్పటికే గాజులు తాకట్టు పెట్టడానికి సిద్ధపడి ఉన్నాను.

కౌంటర్ దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ ఆయన్ని చూపించి, "మీకేమవుతారు?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఆయన పేరు కూడా తెలియదు కదా. "అన్నను" అన్నాడాయన, మామూలుగా, గోడ మీద నోటీసులు చదువుకుంటూ. ఆస్పత్రిలో ఏడవని దాన్ని, ఆ కౌంటర్ ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

డబ్బులిస్తే తీసుకోలేదు. "సగం కాయితానికి పైసలేంది?" అన్నాడు. పేరు రాస్తానంటే వద్దన్నాడు. "వకీళ్లు నాకు గిరాకీ ఇయ్యరు మళ్ల" అని నవ్వాడు.

తర్వాతి కథంతా కాగితాలే. మాకు వచ్చిన లాయర్ మేడమ్ మలక్‌పేటలోని దివ్యాంగుల కమిషనర్ ఆఫీసులో ఫిర్యాదు వేయించారు. ఆ కమిషనర్‌కు సాక్షులను పిలిపించడం, రికార్డులు తెప్పించడం లాంటి విషయాల్లో సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. మా ఆయన శాఖ ఇచ్చిన మొదటి జవాబేమిటో తెలుసా? "ఈ విషయమై మాకు జీవో రాలేదు." పార్లమెంటు చేసి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న చట్టానికి వీళ్లకు మళ్లీ జీవో కావాలట! మేడమ్ 2003 నాటి కునాల్ సింగ్ తీర్పు జతచేశారు. ఆయన కానిస్టేబుల్, కాలు పోయిందని ఇంటికి పంపేస్తే సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాడు. అదీ 1995 నాటి పాత చట్టం కిందే. అంటే ఈ హక్కు కొత్తదేం కాదు.

కమిషనర్ సిఫారసు ఇచ్చాక శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం రాసివ్వాలి. వాళ్లు ఆఖరి వారం దాకా కదల్లేదు. ఇప్పుడాయన డిస్పాచ్ సెక్షన్‌లో ఉన్నారు. పే స్కేలు అదే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. ఆ పెద్దాయన గదిలో బీరువా నిండా రూల్స్ పుస్తకాలున్నాయి. ఆయనకు తెలియని క్లాజు రోడ్డు మీద టైపు కొట్టుకునే మనిషికి ఎలా తెలిసింది? లేక తెలిసే నాకు మంచినీళ్లు ఇప్పించాడా? ఇంకొకటి. మనిషిని స్వయంగా చూడాలని పిలిచిన ఒక ఆఫీసు (పేరెందుకులెండి) రెండో అంతస్తులో. లిఫ్టు పనిచేయదు. మా ఆయన చంకకర్రలతో మెట్ల మీద కూర్చుని కూర్చుని ఎక్కారు. ఉన్న ప్రభుత్వ భవనాలన్నీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలో అందరూ రాగలిగేలా మార్చాలని అదే చట్టంలో రాసుంది. రూల్స్ 2017 జూన్‌లో వచ్చాయి. లెక్క మీరే వేసుకోండి.

అత్తమ్మ, మా తమ్ముడు, మరదలు, పిల్లలు. వీళ్లకు థాంక్స్ చెప్తే తిడతారు.

నిన్న జాయినింగ్ రిపోర్టు కాపీ చూపిద్దామని నాంపల్లి వెళ్లాను. టైపింగ్ అన్న దాన్ని రెండుసార్లు చదివి, మా ఆయన పేరులో ఒక అక్షరం తప్పుందని, మళ్లీ కొడతానని కూర్చున్నాడు. ఈసారి డబ్బులు తీసుకున్నాడు. నలభై రూపాయలు. చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చాడు.

అయ్యో, ఇంకా ఉన్నారు. లాయర్ మేడమ్ దగ్గరుండే జూనియర్ అబ్బాయి, ప్రతి వాయిదాకు ముందురోజు ఫోన్ చేసేవాడు. మలక్‌పేట ఆఫీసు వాచ్‌మన్ తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు, ఒకసారి కాదు. కింది పోర్షన్ అక్క మా చిన్నోడికి ఎన్ని పూటలు అన్నం పెట్టిందో లెక్కలేదు. కృత్రిమ కాలు పెట్టినాయన మూడుసార్లు విసుక్కోకుండా సైజు సరిచేశాడు. ఆటో బాషా భాయ్.

వైకల్యం సర్టిఫికెట్ కోసం వెళ్లిన సదరం క్యాంపు రోజు వానలో లైన్లో నా వెనక నిలబడిన అమ్మ, మీ గొడుగు నా దగ్గరే ఉండిపోయింది. నీలం రంగుది, పిడికి దారం చుట్టి ఉంది. మీకు తెలిసినవాళ్లెవరైనా ఇది చదివితే చెప్పండి, తెచ్చి ఇస్తాను.