తేలిక రాడ్ కిట్: ప్రకటనలో ఒక బరువు, పార్సిల్‌లో మరో బరువు

గుణుపురం,
రాయగడ జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: చేపలు పట్టే ఆరున్నర అడుగుల తేలికపాటి స్పిన్నింగ్ రాడ్ కిట్‌లో ప్రకటించిన భాగాలకు బదులు వేరేవి పంపడం, వాపసు తీసుకోవడానికి నిరాకరించడం గురించి.

అయ్యా,

మీ సంస్థ నుంచి 8,400 రూపాయలు పెట్టి, చేత్తో కట్టుకునే తేలిక రాడ్ కిట్ తెప్పించుకున్నాను. బిల్లు కాపీ, మీ పేజీ ఫొటోలు, వచ్చిన సరుకు ఫొటోలు జత చేశాను. ఇంతవరకు ఏ భాగాన్నీ అతికించలేదు, ఒక్క చుట్టు దారం కూడా చుట్టలేదు. ప్యాకెట్లు విప్పి కొలిచాను, అంతే. ఈ మాట మొదటే చెబుతున్నాను. ఎందుకంటే మీ కస్టమర్ కేర్ వాళ్లు నాకిచ్చిన మొదటి జవాబు "ప్యాకెట్ విప్పారు కాబట్టి రిటర్న్ కుదరదు" అని.

ఈ రాడ్ మా నాన్నగారి కోసం. ఆయన చిన్నప్పటి నుంచి వంశధారలో వెదురు కర్రకు తంగూసు కట్టి గేలం వేసిన మనిషి. ఇప్పుడు మణికట్టు నొప్పి వల్ల మామూలు రాడ్ పట్టుకుని కాసేపు కూడా నిలబడలేకపోతున్నారు. బజారులో దొరికే ఫైబర్ రాడ్లన్నీ ఆయన చేతికి బరువే. అందుకే రెడీమేడ్ వద్దనుకుని, ఒక్కో భాగం బరువు చూసుకుని కడదామనుకున్నాను. రాడ్లు కట్టడం నాకు తెలిసిన పనే. మీ పేజీలో ప్రతి భాగం పక్కన గ్రాములు, మిల్లీమీటర్లు వేసి ఉండడం చూసే మిమ్మల్ని ఎంచుకున్నాను. ఆ అంకెలు లేకపోతే ఈ కిట్ కొనేవాణ్ణే కాదు.

ముందుగా గైడ్ల సంగతి, అంటే తంగూసు వెళ్లడానికి రాడ్ పొడవునా దారంతో కట్టే రింగుల సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

మీ పేజీలో ఉన్నది ఇది: టైటానియం ఫ్రేమ్, ఒకే కాలు (రాడ్‌కు ఆనించి కట్టే భాగం) ఉన్న గైడ్లు ఏడు, టిప్ టాప్ (రాడ్ కొనకు తొడిగే గైడ్) ఒకటి, మొత్తం 2.4 గ్రాములు. వచ్చినవన్నీ రెండు కాళ్ల గైడ్లు. మా ఊళ్లో బంగారం షాపులో మిల్లీగ్రాముల దాకా చూపించే కాటా మీద పెట్టిస్తే 5.1 గ్రాములు తూగాయి. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటున్నాయి. టైటానియం అయస్కాంతానికి అంటుకోదు. ఒక గైడ్ అతుకు దగ్గర అప్పుడే తుప్పు చుక్క కనిపిస్తోంది. టైటానియం తుప్పు కూడా పట్టదు. ఇవి స్టీలువి అని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? లోపలి రింగులు మీరు చెప్పిన సిలికాన్ కార్బైడ్‌వేనా అన్నది ఇంట్లో తేల్చలేను కాబట్టి వాటి గురించి ఏ ఆరోపణా చేయడం లేదు.

"రెండున్నర గ్రాముల తేడాకే ఇంత గొడవా" అని మీ ప్రతినిధి ఫోన్‌లో అన్నారు. రాడ్ కట్టేవాళ్లెవరూ ఆ మాట అనరు. తంగూసు చుట్టే రీలు దగ్గర పది గ్రాములు పెరిగినా చేతికి పెద్దగా తెలియదు, ఎందుకంటే ఆ బరువు పిడికిట్లోనే ఉంటుంది. కొన దగ్గర ఒక గ్రాము పెరిగితే విసిరిన ప్రతిసారీ తెలుస్తుంది. చేతి నుంచి దూరం రెట్టింపైతే అదే బరువును ఊపడానికి పడే భారం నాలుగింతలవుతుంది. కొన బరువైతే బ్లాంక్, అంటే రాడ్ అసలు కర్ర, వంగి తిరిగి నిలబడడం కూడా మందగిస్తుంది. మూడు నాలుగు గ్రాముల చిన్న ల్యూర్ (కృత్రిమ ఎర) దూరం వెళ్లదు, చిన్న చేప ఎరను ముట్టుకుంటే ఆ వణుకు చేతిదాకా రాదు. తేలిక రాడ్ కట్టేవాళ్లు బ్లాంక్ తర్వాత ఎక్కువ డబ్బు గైడ్ల మీద పెట్టేది అందుకే.

పైగా రెండు కాళ్ల గైడ్ అంటే ఒక్కోదానికి రెండు చోట్ల దారం చుట్టాలి, రెండు చోట్లా ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు) పూయాలి. బరువు గైడ్‌తోనే ఆగదు. దానికి తోడు తేలిక రాడ్లకు వాడే సన్నని 'A' సైజు నైలాన్ దారం బదులు లావైన 'D' సైజు దారం పెట్టారు. దారం లావైతే ఎపాక్సీ ఇంకా ఎక్కువ తాగుతుంది. అదంతా పోగై కూర్చునేది మళ్లీ రాడ్ పైసగంలోనే. పెద్ద వాలుగ కోసం కట్టే బరువు రాడ్‌కైతే రెండు కాళ్ల స్టీలు గైడ్లు చక్కగా ఉంటాయి, వాటిని నేను తప్పు పట్టను. నేను అడిగింది అవి కావు, డబ్బు కట్టింది వాటికి కాదు.

టిప్ టాప్ అయితే బ్లాంక్‌కే సరిపోలేదు. దాని గొట్టం సైజును అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారని మీకు తెలుసు. మీరు పంపింది 6 సైజు, అంటే లోపలి వ్యాసం దాదాపు 2.4 మిల్లీమీటర్లు. వెర్నియర్‌తో కొలిస్తే బ్లాంక్ కొన 1.8 ఉంది. 5 సైజు పంపాల్సింది. తొడిగితే గలగలా ఊగుతోంది. కింద దారం చుట్టి గమ్ పెట్టుకోమని మీవాళ్లు సలహా ఇచ్చారు. వెంట్రుకవాసి సందు ఉంటే ఆ పని ఎవరైనా చేస్తారు. అర మిల్లీమీటరుకు మించిన సందును దారంతో నింపితే గొట్టం వంకరగా కూర్చుంటుంది, కొన దగ్గర బరువు ఇంకాస్త పెరుగుతుంది. అయినా కిట్ అని అమ్మినప్పుడు భాగాలు ఒకదానికొకటి సరిపోవాలి కదా. విడివిడిగా ఏరుకోలేని వాళ్లే కిట్ కొంటారు.

ఇక బ్లాంక్. మీ పేజీ ప్రకారం 34 గ్రాములు, కొన 1.6 మిల్లీమీటర్లు, 2 నుంచి 7 గ్రాముల ల్యూర్‌కు. వచ్చినది 46 గ్రాములు, కొన పైన చెప్పినట్టు 1.8. అడుగు భాగంలో మీ స్టిక్కర్ ఒక పక్క లేచి ఉంటే వేలితో నెమ్మదిగా ఎత్తి చూశాను. దాని కింద బ్లాంక్ మీదే అచ్చు వేసి ఉంది: 5 నుంచి 20 గ్రాములు. అంటే ఇది వేరే రాడ్ బ్లాంక్. దాని మీద తేలిక రాడ్ స్టిక్కర్ అతికించి పంపారు. ఫొటో జతలో ఉంది, దయచేసి మీ కళ్లతో చూడండి. గైడ్ల విషయంలో గోడౌన్‌లో పొరపాటు జరిగిందని సరిపెట్టుకోగలను. స్టిక్కర్ పొరపాటున అతుక్కోదు.

పేజీలో "30 టన్నుల కార్బన్" అని రాశారు. టన్నేజీ, అంటే కార్బన్ పోగు గట్టిదనాన్ని చెప్పే అంకె, పెరిగితే అంతే గట్టిదనానికి తక్కువ కార్బన్ సరిపోతుంది, రాడ్ తేలికవుతుంది. దెబ్బ తగిలితే త్వరగా పగులుతుంది కూడా. అది తెలిసే, జాగ్రత్తగా వాడుకుందాం అనుకుని ఎక్కువ ధర కట్టాను. ఇప్పుడు తేలికదనమూ లేదు, కట్టిన ధరకు ఆధారమూ లేదు.

రీల్ సీట్ (రీలును బిగించే భాగం) 16 సైజు అని చెప్పి 17 పంపారు. బ్లాంక్‌కు, సీట్‌కు మధ్య నింపే ఆర్బర్లు కిట్‌లో ఉంటాయని రాసి, అసలు పెట్టలేదు. మాస్కింగ్ టేపు చుట్టుకోమన్నారు. ఇంత సందుకు టేపు మందంగా చుట్టి అతికిస్తే కొన్నాళ్లకు తడికి మెత్తబడి సీట్ తిరిగిపోతుంది. కార్క్ పిడి ఏఏ గ్రేడ్ అన్నారు. చూస్తే గుంటలన్నీ పుట్టీతో నింపి ఉన్నాయి, గోటితో గీకితే రాలుతోంది. ఎపాక్సీ సీసాల మీద తయారీ నెల, సంవత్సరం లేవు, గట్టిపరిచే ద్రవం పచ్చబడి ఉంది. గైడ్ల ప్యాకెట్ మీద ఏ దేశం నుంచి వచ్చిందో, దిగుమతి చేసుకున్నదెవరో లేదు. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఈ వివరాలన్నీ ప్యాకెట్ మీద ఉండాలి.

ఇదంతా చెప్పినప్పుడు మీవాళ్లు ముందు "ఫొటోకు, సరుకుకు కొద్దిగా తేడా సహజం" అన్నారు. రంగులో తేడా సహజం, లోహంలో తేడా సహజం కాదు. ఆ తర్వాత గైడ్ల మీద పూత వల్ల అయస్కాంతానికి అంటుకుంటున్నాయన్నారు. తుప్పు చుక్క గురించి అడిగితే జవాబు లేదు. చివరికి వచ్చేసారి కొంటే పది శాతం తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు. అది నాకు వద్దు.

ఇంకో విషయం నన్ను ఎక్కువ నొప్పించింది. "మీ పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ లేదు, సొంత ఖర్చుతో హైదరాబాద్ పంపుకోండి" అని మీవాళ్లు అన్నారు. గుణుపురానికి పార్సిల్ పంపి డబ్బు తీసుకోవడానికి అడ్డురాని పిన్‌కోడ్ వాపసుకు ఎందుకు అడ్డొస్తోంది? మీరు తెలుగులో వీడియోలు చేసి అమ్ముతున్నారు. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఆ వీడియోలు చూసి ఆర్డరు పెట్టేవాళ్లు ఉన్నారు. ఇక్కడ రాడ్ భాగాలు అమ్మే దుకాణం లేదు, పట్టుకుని చూసి కొనే వీలు లేదు. మీరు రాసిన అంకెలే మాకు దుకాణం. అవి నిజం కావాలని అడిగే హక్కు, రాష్ట్రం ఏదైనా, డబ్బు కట్టిన మాకు ఉంది.

చట్టం కూడా అదే చెబుతోంది. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సరుకు లోపంగా ఉన్నా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా అమ్మినవారు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేను ఉంటున్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. అంత దూరం వెళ్లాలని నాకు లేదు. మీరు న్యాయంగా ఆలోచిస్తే ఆ అవసరం రాదు.

నేను కోరుతున్నది ఇది. మీ ఖర్చుతో మనిషిని పంపి, లేదా ప్రీపెయిడ్ పోస్టల్ లేబుల్ పంపి, కిట్ మొత్తం వెనక్కి తీసుకుని 8,400 రూపాయలు నా ఖాతాలో వేయండి. అలా కాకుండా చెప్పిన కిట్టే ఇవ్వగలమంటే, పంపే ముందు బ్లాంక్‌ను, గైడ్ల సెట్‌ను కాటా మీద పెట్టి, టిప్ టాప్‌ను ఆ బ్లాంక్ కొనకే తొడిగి ఫొటోలు పంపండి. అవి చూసి ఒప్పుకున్న తర్వాతే పార్సిల్ కట్టండి. ఈ రెండింటిలో ఏది చేసినా, మీ పేజీలో గైడ్ల లోహం, బ్లాంక్ అసలు బరువు, కొన వ్యాసం వెంటనే సరిచేయాలి. ఇదే కిట్ ఇప్పటికీ అదే వివరాలతో అమ్మకానికి ఉంది.

వానలు తగ్గి వంశధార నీళ్లు తేరుకునేలోపు రాడ్ కట్టి నాన్నగారి చేతికివ్వాలి. కూపన్ల మాట లేకుండా, పై రెండింటిలో ఏది చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి. జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఈ లేఖనే రాయగడ జిల్లా కమిషన్‌కు సమర్పిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
గుణుపురం.

జత: బిల్లు కాపీ, మీ పేజీ ఫొటోలు, కాటా మీద తూచిన ఫొటోలు, స్టిక్కర్ కింది అచ్చు ఫొటో.