ఎనిమిదుల జత వస్తే ఏం చెయ్యాలి మామా

మామా,

నీ ఉత్తరం చదివాను. పోకర్‌లో (మనం ఆడే టెక్సాస్ హోల్డెమ్: చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు) ఆసులు, రాజులు జతగా వస్తే ఏం చెయ్యాలో తెలుసు, చెత్త వస్తే పారెయ్యడమూ తెలుసు, ఏడు నుంచి పది దాకా జతలు వచ్చినప్పుడే బుర్ర పనిచెయ్యట్లేదని రాశావు. గోవా టోర్నీకి ఇంకా టైముంది కాబట్టి తీరిగ్గానే రాస్తున్నా. పక్కన కాగితం, పెన్ను పెట్టుకో. లెక్కలున్నాయి.

ఎనిమిదుల జత మంచిదా కాదా అని నన్ను అడగకు. నీ ముందున్న చిప్స్ ఎన్ని బిగ్ బ్లైండ్లకు (ముక్కలు చూడకముందే ఒకడు తప్పనిసరిగా పెట్టే పందెం; పక్కవాడు అందులో సగం పెట్టేది స్మాల్ బ్లైండ్) సమానం, చిప్స్ అన్నీ మొదట తోసేది (ఆలిన్) నువ్వా అవతలివాడా, ఈ రెండూ చెప్పు. అప్పుడు చెప్తా. అవే రెండు ముక్కలు 60 బ్లైండ్ల దగ్గర ఒక రకం, 25 దగ్గర ఇంకో రకం, 12 దగ్గర మరో రకం. నువ్వేమో అన్నిచోట్లా ఒకేలా ఆడుతున్నావు, చిక్కంతా అక్కడే.

ముందు ఫ్లాప్ సంగతి, అంటే బల్ల మీద మొదట తిప్పే మూడు ముక్కలు. చేతిలో జత ఉంటే ఫ్లాప్‌లో మూడో ముక్క కలిసి సెట్ పడేది దాదాపు 12 శాతం. అంటే ఒక్కసారి తగిలితే ఏడున్నర సార్లు తగలదు. తగలనప్పుడు బల్ల మీద ఏం కనిపిస్తుందో చూడు. నీ జత కంటే పెద్ద ముక్క కనీసం ఒకటైనా పడే అవకాశం ఏడులకు 92 శాతం, ఎనిమిదులకు 87, తొమ్మిదులకు 79, పదులకు 69, జాకీలకు 57. పెద్ద ముక్క పడగానే "అయ్యో, నా ఖర్మ" అనుకుంటావు చూడు, అది ఖర్మ కాదు, మామూలే. ఏడులకు పెద్ద ముక్క పడకపోతేనే ఆశ్చర్యపోవాలి. అలా పడిన ప్రతిసారీ చేతులెత్తేస్తే, ఈ జతలు ఆడటమే దండగ.

టోర్నీ మొదట్లో 80, 100 బ్లైండ్లు ఉంటాయి. అప్పుడు పెద్ద తలనొప్పి లేదు. ఎవడైనా రెయిజ్ చేస్తే (పందెం పెంచితే) కాల్ చెయ్ (అంతే నువ్వూ పెట్టు), సెట్ పడితే దున్నెయ్, పడకపోతే తక్కువలో బయటపడు. ఒక్క కొలత గుర్తుంచుకో. సెట్ కోసమే కాల్ చేస్తున్నావంటే, నీ దగ్గరా వాడి దగ్గరా ఎవరి స్టాక్ (ముందున్న చిప్స్) చిన్నదో అది నువ్వు కాల్‌కి పెట్టేదానికి 20 రెట్లైనా ఉండాలి. 30 బ్లైండ్లతో కూర్చుని 2.2 పెట్టి కాల్ చేస్తే అది పదమూడున్నర రెట్లే. ఏడున్నర సార్లు పోగొట్టేది 16.5 బ్లైండ్లు. ఆ ఒక్కసారి సెట్ పడ్డా వాడికీ ఏదో ఒకటి తగిలితే కదా నీకు డబ్బులిచ్చేది! అందుకే రెండ్లు, మూడ్లు, నాలుగులు ఆ స్టాక్‌తో పారెయ్యడమే నయం. ఎనిమిదులు, తొమ్మిదులు వేరు. బటన్ (ఫ్లాప్ తర్వాత అందరికంటే చివర ఆడే సీటు) మీద కూర్చుని వాటితో కాల్ చేస్తే సెట్ ఒక్కటే దారి కాదు, 6-4-2 లాంటి ఫ్లాప్ మీద అవే పెద్ద జత అవుతాయి. బిగ్ బ్లైండ్‌లో ఉన్నావంటే ఇంకా చవక. బటన్ 2.2కి రెయిజ్ చేస్తే నువ్వు పెట్టేది ఇంకో 1.2, యాంటీతో (చెయ్యి మొదలయ్యే ముందు అదనంగా పెట్టే ఒక బిగ్ బ్లైండ్) కలిపి నడుమ 4.7 ఉంది. అక్కడ ఏ జతనైనా పారెయ్యకు.

సెట్ పడ్డాక దాక్కోవద్దు. ఫ్లాప్ 8-6-5 వచ్చి రెండు ఆఠీన్లు ఉన్నాయనుకో, పాట్‌లో (నడుమ పోగైన చిప్స్‌లో) మూడింట రెండు వంతులు కొట్టు (పందెం పెట్టు). చెక్ చేసి (పందెం పెట్టకుండా వదిలి) వల పన్నుతానంటే తర్వాతి ముక్కకు స్ట్రెయిటో (వరసగా అయిదు), ఫ్లషో (ఒకే రంగువి అయిదు) పడి వల నీకే చుట్టుకుంటుంది. రాజు-8-3 మూడు రంగుల్లో పడితే మూడో వంతు చాలు, కానీ కొట్టాలి. సెట్ మీద పెద్ద సెట్ ఉందేమోనన్న భయం 50 బ్లైండ్ల లోపు పూర్తిగా మానెయ్. ఉంటే ఉంది, ఇంటికెళ్తాం.

ఇప్పుడు 40 బ్లైండ్లు. నువ్వు ఎక్కువ పోగొట్టేది ఇక్కడేనని నీ రాతను బట్టి తెలుస్తోంది. ఒక చెయ్యి విడమర్చి చెప్తా.

బ్లైండ్లు 1,000/2,000, బిగ్ బ్లైండ్ యాంటీ 2,000. నీ దగ్గర 80,000. బటన్‌కు ముందు సీట్లో నీకు ఎనిమిదులు, ఒకటి ఆఠీను, ఒకటి కళావరు. 4,400కి రెయిజ్ చేశావు, బిగ్ బ్లైండ్ ఒక్కడే కాల్. పాట్ 11,800. ఫ్లాప్ ఇస్పేటు రాణి, ఇస్పేటు 7, డైమను 3. వాడు చెక్. నువ్వు 4,000 కొట్టు. ఎందుకు? వాడి చేతిలో ఆసు-10, రాజు-9 లాంటివి చాలా ఉంటాయి, అవి ఇప్పుడే పోతే నీకు లాభం. వాడు కాల్ చేశాడు, పాట్ 19,800. టర్న్ (నాలుగో ముక్క) ఆఠీను 2. మళ్లీ చెక్. ఇక్కడ నువ్వు కూడా చెక్. ఇంకోసారి కొడితే ఏడుల జతవాడు పోవచ్చు, రాణివాడు మాత్రం పోడు. నీ చెయ్యి పాట్ పెంచేది కాదు, చిన్న పాట్‌లో చివరిదాకా చేరేది. రివర్ (చివరి ముక్క) కళావరు రాజు. వాడు 10,000 కొట్టాడు. ఇప్పుడు నువ్వు 10,000 పెడితే మొత్తం 39,800 అవుతుంది, కాబట్టి నాలుగుసార్లకు ఒకసారి గెలిస్తే సమానం. తప్పిపోయిన ఇస్పేటు ఫ్లష్‌లు, 6-5, 5-4 వాడి దగ్గర ఉండొచ్చు. నీ ఎనిమిదుల్లో ఇస్పేటు లేదు గనక ఆ ఫ్లష్ ఆశలన్నీ వాడి చేతిలో ఇంకా మిగిలున్నాయి. అది కాల్‌కి అనుకూలం. ఇస్పేటు ఎనిమిది నీ దగ్గరే ఉంటే వాడు బ్లఫ్ కొట్టే చేతులు కొన్ని తగ్గిపోతాయి, అప్పుడు ఫోల్డ్ (పారెయ్యడం) వైపు మొగ్గు. నా లెక్కలో బ్లఫ్ చెయ్యగలిగినవాడికి కాల్. పొద్దుట్నుంచి నోరు విప్పకుండా కూర్చుని ఇప్పుడు రివర్‌లో చిప్స్ లెక్కపెట్టి పెట్టే పెద్దాయనకి ఫోల్డ్. చిన్న బై-ఇన్ (ప్రవేశ రుసుము) టోర్నీల్లో రివర్ పందేలు మనం ఆశపడేంత తరచుగా బ్లఫ్‌లు కావు.

ఇదంతా తలనొప్పి, ఫ్లాప్ చూడకుండా 40 బ్లైండ్లూ ఒకేసారి తోసేస్తే పోలా అన్నావు. పోదు. నడుమ ఉన్నది రెండున్నర బ్లైండ్లు. దానికోసం 40 పెడితే నీకంటే చిన్న చేతులన్నీ పారిపోతాయి, కాల్ చేసేది పెద్ద జతలు, ఆసు-రాజు. వాటిలో మంచి పరిస్థితి ఆసు-రాజే, దాని మీద నీకు 55 శాతం. తొమ్మిదులు, ఆ పైన ఏ జత ఉన్నా నీకు 20 శాతం చొప్పున. భయంతో తోసే ఆలిన్ అది.

అదే 18 నుంచి 25 బ్లైండ్ల మధ్య ఎవరో రెయిజ్ చేశాక తోస్తే లెక్క తిరగబడుతుంది. బటన్‌వాడు 2.2కి లేపాడు, స్మాల్ బ్లైండ్‌లో నీకు 20 బ్లైండ్లు, చేతిలో ఎనిమిదులు. మొత్తం తోసెయ్. వాడు బటన్ మీద నుంచి సగానికి దగ్గర్లో చేతులతో లేపుతాడు, అందులో ఎక్కువ భాగం ఆలిన్‌కి నిలబడదు. వాడూ, బిగ్ బ్లైండూ పోతే నడుమ ఉన్న 4.7 నీవి, స్టాక్ దాదాపు నాలుగో వంతు పెరిగినట్టే. కాల్ చేసినా చాలాసార్లు ఆసు-రాజు, ఆసు-రాణి ఎదురవుతాయి, అక్కడ సగం పైన నీదే. ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులకు ఇంతకన్నా మంచి చోటు టోర్నీలో ఇంకోటి లేదు. ఫ్లాప్‌లో పెద్ద ముక్క పడే బెడదే లేదు, అయిదు ముక్కలూ చూస్తావు. కాకపోతే లేపింది మొదటి సీటువాడైతే ఈ చేతిని తోసేముందు రెండుసార్లు ఆలోచించు. ముందు సీట్ల నుంచి లేపేవాడి చేతులు గట్టివి.

ఇప్పుడు సీట్లు మార్చి చూడు. 25 బ్లైండ్లతో నువ్వు 2.2కి లేపావు, బటన్‌వాడు 25 తోశాడు. నువ్వు ఇంకా 22.8 పెట్టాలి, అప్పుడు పాట్ 52.5. అంటే 43 శాతం కావాలి. వాడు బిగుసుకుని ఆడే మనిషి, పదుల నుంచి పైన జతలు, ఆసు-రాజు తప్ప తోయడనుకో. పదుల నుంచి ఆసుల దాకా అయిదు జతలు, ఒక్కోటి ఆరు రకాలుగా రావచ్చు, మొత్తం 30. ఆసు-రాజు 16 రకాలు. ముప్పై సార్లు 20 శాతం చొప్పున, పదహారు సార్లు 55 శాతం చొప్పున వేసి చూడు, 32 దగ్గర తేలుతుంది. ఫోల్డ్, ఆలోచన అక్కర్లేదు. అదే వాడు ఆరుల జత నుంచి, ఆసు-జాకీ నుంచి అన్నీ తోసే దూకుడుగాడైతే ఇదే లెక్క 45 చిల్లర వస్తుంది, కాల్ చెయ్యొచ్చు. ఈ లెక్క బల్ల దగ్గర వెయ్యలేవు. ఇంట్లో రకరకాల మనుషులకు వేసి పెట్టుకో.

12 బ్లైండ్లకు దిగాక ఏ సీట్లో ఉన్నా, నీ ముందు ఎవరూ లేపకపోతే తోసెయ్. కొద్దిగా రెయిజ్ చేసి, ఎవడో తోస్తే ఫోల్డ్ చెయ్యడం మహా పాపం. అందరూ పోతే వచ్చే రెండున్నర బ్లైండ్లే నీ స్టాక్‌లో అయిదో వంతు. 10 బ్లైండ్లతో బటన్ తోస్తే, బిగ్ బ్లైండ్‌లో నీకు 42 శాతం చాలు. బటన్ ఏ ఆసైనా తోస్తాడు కాబట్టి ఎనిమిదులు సగానికి పైగానే గెలుస్తాయి. కాల్.

ఇంతవరకూ చిప్స్ లెక్క. డబ్బులు దగ్గరపడ్డాక అది చెల్లదు. నలుగురు మిగిలారు, ముగ్గురికే బహుమతి: 50,000, 30,000, 20,000. అందరికీ సమానంగా చిప్స్. ఐసీఎం (చిప్స్‌ను బహుమతి డబ్బుగా మార్చి చూసే పద్ధతి) లెక్కన ఒక్కొక్కడి వాటా 25,000. నువ్వు ఒకడి ఆలిన్ కాల్ చేసి గెలిస్తే చిప్స్ రెట్టింపు అవుతాయి గాని నీ వాటా 50,000 కాదు, 38,333 మాత్రమే. ఓడితే సున్నా. 25,000ను 38,333తో భాగించు, బ్లైండ్లు పక్కన పెడితే 65 శాతం గెలవాలి. ఎనిమిదులకు ఆసు-రాజు మీద 55. అవతలివాడు ముక్కలు చూడకుండా తోశాడనుకున్నా ఏడులకు వచ్చేది 66, అంచు మీదే. అందుకే బబుల్ మీద (ఇంకొకడు పోతే మిగతా అందరికీ బహుమతి అనే చోట) ఎనిమిదులతో కాల్ చెయ్యడానికి చెయ్యి రాకపోతే నిన్ను తప్పుపట్టను. కానీ అదే చోట నువ్వు ముందు తోస్తే ఆ 65 శాతం గోల వాళ్లది. తొమ్మిదులు, ఆసు-రాణి కూడా పారేస్తారు. బల్ల మీద పెద్ద స్టాక్ ఉన్నవాడు నీ వెనకాల మిగిలుంటే మాత్రం ఆగు, వాడికి ఓడినా ప్రాణం పోదు.

పెద్ద టోర్నీకి సీట్లు ఇచ్చే శాటిలైట్ అయితే ఇంకా ఘోరం. పదిమందికీ తలా ఒకే రకం టికెట్ అన్నప్పుడు మొదటి స్థానానికి అదనంగా ఏమీ రాదు. పదకొండుగురు మిగిలి, ఇద్దరు మూడు బ్లైండ్లతో కొట్టుమిట్టాడుతుంటే, హాయిగా ఉన్న నువ్వు తొమ్మిదులే కాదు, రాజులతో కూడా కాల్ చెయ్యక్కర్లేదు.

తొమ్మిదులంటే 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గుర్తొచ్చింది. ఫిల్ ఐవీ చేతిలో తొమ్మిదులు, క్రిస్ మనీమేకర్ చేతిలో ఆసు-రాణి. ఫ్లాప్ రాణి-రాణి-6, టర్న్ 9. ఐవీకి ఫుల్ హౌస్ (మూడు తొమ్మిదులు, రెండు రాణులు) పడింది, చిప్స్ అన్నీ లోపలికి. మనీమేకర్‌కి మిగిలింది ఏడు ముక్కలు: మూడు ఆసులు, మూడు ఆరులు, ఒక్క రాణి. 44లో ఏడంటే 16 శాతం. రివర్ ఆసు. ఐవీ పదో స్థానంలో ఇంటికి, మనీమేకర్ చివరికి విజేత. ఆ టర్న్ మీద నువ్వైనా నేనైనా వేరేగా చేసేదేం లేదు. ఓడిపోయిన చేతులు నాకు రాసి పంపేటప్పుడు ఇలాంటివి వదిలెయ్. కాల్ చేసిన ఆలిన్‌లు మాత్రం అన్నీ రాయి, అప్పుడు స్టాక్ ఎన్ని బ్లైండ్లో కూడా పక్కన రాయి.

ఆన్‌లైన్‌లో డబ్బుతో సాధన అంటావేమో, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ తలుపు మూసేసింది. మన తెలంగాణలో అయితే 2017 నుంచే లేదు. పేకకట్ట చాలు. రెండు ఎనిమిదులు తీసి పక్కన పెట్టు, మిగిలిన యాభై కలిపి మూడు తిప్పు, పాట్ 11,800 అనుకుని కొడతావా చెక్ చేస్తావా, కొడితే ఎంతో పైకి చెప్పు. మళ్లీ కలుపు. ఒక వారం చేశాక, అవే ఫ్లాపుల మీద స్టాక్ 40 నుంచి 18కి తగ్గించి అడుగు. ఎన్ని జవాబులు మారాయో నాకు రాయి.

నీ మిత్రుడు